వెనక చెయ్యి

మురహరి సారు పేరు మీరు విని ఉండరు.
వినబడకపోవుడే ఆయన నౌకరీ.
దేశం లోపలి గుసగుసలన్నీ చేరే కుర్సీల
మూడేండ్లు కూసున్నడు.
పేపరు ఫొటోలల్ల పెద్దోళ్ల భుజం వెనక
సగం చెవి కనబడేది.
ఆ చెవి నాకు తెలుసు.

నల్లగొండ ఎస్పీ ఆఫీసుల స్పెషల్ బ్రాంచి,
మెట్ల కింద అర్ర.
ఒక రెమింగ్టన్, రెండు బీరువాలు, నేను.
ఆయనకు అప్పుడు ఇరవై ఏడు.
యూనిఫాం లేని పోలీసు, హవాయి చెప్పులు.
"నమ్మదగిన వర్గాల ద్వారా తెలిసింది ఏమనగా" అని
రిపోర్టు మొదలైతది గదా,
ఆ వర్గాలంటే
క్లాక్ టవర్ కాడ మిర్చి బజ్జీలేసే ఇమాం సాబు,
దేవరకొండ బస్సు కండక్టరు,
ఒక్కోసారి, దాపరికమెందుకు, నేనే.

ఐతారం పొద్దున లూనా మీద పానగల్లు పోయేటోళ్లం.
సోమేశ్వరుని మీద పొద్దంతా కదలని నీడ.
ఏ స్తంభానిదో పట్టాలని
ఒక్కొక్క స్తంభం పక్కన నిలవడి చెయ్యి చాపేది.
దొరికేది కాదు.
"ఇట్లుండాలె బుచ్చిరాములూ," అనేది,
"నీడ పడాలె. ఎవలదో తెల్వొద్దు."

ఆ ఎండకాలం మర్రిగూడ దిక్కు నుంచి
మూడు ట్రాక్టర్ల జనం కలెక్టరాఫీసుకు వచ్చిన్రు.
నడుములు వంగినోళ్లు, మోకాళ్లు ఒరుసుకునేటోళ్లు,
పండ్ల మీద పసుపు గీతల పోరగాండ్లు.
సీసాలల్ల బోరింగు నీళ్లు,
చూస్తే అద్దం లెక్క తేటగ.
సారు మెడకు తువ్వాలేసుకొని వాళ్ల నడుమ కూసున్నడు.
ఎండకు సొక్కిండనుకొని
సైదమ్మ అనే ఆమె గిలాసల ఇన్ని పోసింది.
ఆమె వేళ్లు మూసుకోవు, తెరుసుకోవు.
రెండు మణికట్ల నడుమ గిలాస ఇరికించి అందిచ్చింది.
సారు పెదవి దాక తీసుకపోయిండు.
తాగలేదు.
చూసింది నేనొక్కన్నే.

ఆ రాత్రి రిపోర్టు రెండే లైన్లు:
"వీరు నీళ్లు అడుగుతున్నారు.
నీళ్లు తప్ప వేరే ఉద్దేశం కనబడలేదు."
తెల్లారి వాపసు వచ్చింది. అంచుకు ఎర్రసిరా:
వెనక ఎవరు?

సారు పొద్దంతా ఎవలతోని మాట్లాడలే.
రాత్రి పదకొండింటికి, కరెంటు పోయినంక,
కందిలి దగ్గరికి జరుపుకొని చెప్పిండు, నేను కొట్టిన:
"దీని వెనక బయటి శక్తుల చెయ్యి ఉన్నట్టు
నమ్మదగిన వర్గాల ద్వారా తెలిసింది."
చెయ్యి అనే మాట కాడ నా వేళ్లు ఆగినయి.
"కొట్టు," అన్నడు.
మూడు కార్బన్లు. నాలుగో కాపీ మసకగ వచ్చింది.

ట్రాక్టరెక్కి వచ్చినోళ్లల్ల ఇద్దరు
పదకొండు నెలలు జైల్ల ఉన్నరు.
ఒకడు సైదమ్మ కొడుకు.
సారుకు ప్రశంసాపత్రం వచ్చింది.
అది కొట్టింది గూడ నేనే.

ఆ లైను ఆడికెల్లి లేచి నడిచింది.
హైదరాబాదు పోయింది, ఢిల్లీ పోయింది.
ఏ రాష్ట్రంల ఏ గుంపు రోడ్డు మీద కూసున్నా
టీవీ ముందట అనుకునేటోణ్ణి,
ఇగ చూడు, వస్తది వెనక చెయ్యి.
వచ్చేది.
మంచి చెయ్యలేదని అనను.
ఆయన ఆపిన చావులు ఉంటయి.
జరగనిదానికి పంచనామా ఉండదు గదా.

మొన్న కార్తీకంల వచ్చిండు, రిటైరైన ఆరేండ్లకు.
గేటు కాడ ఇద్దరు గన్‌మన్లు.
నా రేకుల ఇంట్ల ప్లాస్టిక్ కుర్సీల కూసొని
చాన సేపు గోడకున్న క్యాలెండరు చూసిండు.
"బుచ్చిరాములూ,
ఆ లైను నేను చెప్పిన్నా, నువ్వే కలిపినవా?"

మసక కాపీ ట్రంకుపెట్టెల ఉంది,
నా పింఛను కాగితాల కింద.
తియ్యలే.
"యాదికి లేదు సార్," అన్న.
ఆ అర్రల నేర్చుకున్న మాటే.

నా మనుమరాలు నీళ్లు తెచ్చింది.
గిలాస అందుకున్నడు. పెదవి దాక తీసుకపోయి
ఆపిండు.
"ఇవి ఎక్కడియి?"

"నమ్మదగిన వర్గాల నుంచి, సార్."

తాగిండో లేదో
ఈ రిపోర్టుల రాయను.