నాలుగుంపావు

మైనస్ నలభై ఏడు. యూకాన్ నది గడ్డకట్టింది.
డీజిలు పడవ సెప్టెంబరులోనే
ఇసుకమేటకు తగులుకుని వెనక్కి పోయింది.
బడికీ ఆసుపత్రికీ బాయిలరే దిక్కు,
బాయిలరుకు యూలాలీ.

మొన్నటేడు ఊరిని మింగబోయిన కార్చిచ్చు
నిలువునా మాడ్చి వదిలేసిన స్ప్రూస్ మానులే
ఇప్పుడు దానికి మేత.
ముట్టుకుంటే చేతుల నిండా మసి.

అర్ధరాత్రి ఒక దుంగ మీద
మసి తుడిస్తే గొడ్డలిగాట్లు:
మూడు అడ్డం, ఒకటి ఏటవాలు.
ఉచ్చులు పన్నే దారికి
నాన్న ఆంబ్రోజ్ పెట్టుకున్న గుర్తు.
పక్కకు దొర్లించింది.
దాని మీదే కూర్చుని టీ తాగింది.

నాలుగింటికి గేజి ముల్లు జారడం మొదలైంది.
బడిలో, పైపులు పగిలిన మూడిళ్ల పిల్లలు
నేలమీద పడుకుని ఉన్నారు.

"జరుగు నాన్నా" అంది,
తనే లేచి.

డ్యూటీ పుస్తకంలో రాసింది:
నాలుగుంపావు. ఒక దుంగ.