ముప్పై మైక్రాన్ల మందం

పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే
వన్ టౌన్‌లో ఎవరూ తెల్లబట్టలు ఆరేయరు.
ఇవాళ మర్చిపోయాను.
సాయంత్రానికి దుప్పటి మీద
సగం బొగ్గు, సగం ఇనుప ఖనిజం.
చేత్తో దులిపితే పోదు, ఇంకా లోపలికి దిగుతుంది.
మా అత్త పైడమ్మ డాబా మెట్ల మీంచే అందుకుంది:
"దుమ్ముకేటి తెలుస్తాదే, ఎక్కడ అంటుకోవాలో!"

తెలుసత్తా.
దానికి తెలిసింది అదొక్కటే.

నేను యూనివర్సిటీలో రాళ్లు కోస్తాను.
ఇరవై రెండేళ్లుగా, కార్బొరండం పొడిలో
కొండరాయిని అరగదీసి, అరగదీసి
ముప్పై మైక్రాన్లకు తెస్తాను.
అప్పుడు రాయిలోంచి వెలుగు దాటుతుంది.
సింహాచలం కొండ, కైలాసగిరి, యారాడ
వంతులవారీగా నా గాజుపలక ఎక్కి
గురివింద రంగు గార్నెట్ గింజలు చూపించి దిగిపోయాయి.

పోయిన నెల ప్రొఫెసరుగారు
దూదిలో చుట్టిన ముక్కొకటి చేతిలో పెట్టారు.
"జాగ్రత్త దాలమ్మా, ఇది ఇక్కడిది కాదు."
పైనుంచి పడ్డది. చింతగింజంత.
కోసి చూస్తే లోపల సగ్గుబియ్యం:
ఎప్పుడో కరిగి, చల్లారి,
ఒకదాన్నొకటి ఒరుసుకుని సర్దుకున్న పూసలు.
వాటి మధ్య ఓ తెల్లటి మరక.
"అన్నిటికంటే ముందు పుట్టింది అదే" అన్నారు.

సూర్యుడింకా పురిటి వేడిలో ఉన్నాడు.
చుట్టూ ఆవిరి.
ఆవిరి చల్లారుతుంటే
మొదట గడ్డకట్టింది కాల్షియం, అల్యూమినియం.
అంత సెగలో ఇంకెవరు నిలబడతారు?
ఇనుమూ, కొండరాళ్లకు మూలమైన పిండీ
కాస్త ఆగి, వెనకా ముందుగా వచ్చాయి.
నీళ్లు మాత్రం దగ్గరకే రాలేదు,
చలి ఉన్నంత దూరంలో మంచై ఆగిపోయాయి.

ఆ రాత్రి బి షిఫ్టు దిగి
మా ఆయన పదకొండున్నరకి కంచం ముందు కూర్చున్నాడు.
"ఫర్నేసుకి రంధ్రం కొట్టాక
ఎవుడూ చెప్పక్కర్లేదే,
ఇనుము కింద, చిట్టెం పైన" అంటూ
చేపల పులుసు మీద తేలిన నూనె
వేలితో పక్కకి తోసి చూపించాడు.
నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

దుమ్ము గులకై, గులక గుట్టై,
గుట్టలు గుద్దుకుని గుద్దుకుని
భూమంతా ఒక్క కొలిమై మరిగినప్పుడు
ఇనుము తన బరువుకి తానే కిందికి దిగింది.
పోతూ పోతూ నికెల్‌ని, బంగారాన్ని
కొంగున ముడేసుకుని పోయింది.
ఇక మనం నడిచేదంతా చిట్టెం మీద.
డాల్ఫిన్స్ నోస్, దాని నెత్తిన లైట్‌హౌసు,
మీ యూనియన్ ఆఫీసు కూడానయ్యా, చిట్టెం మీదే.

నవ్వాడు. "మరి నీ ముక్కుపుడకో?"

అది ఆలస్యంగా వచ్చింది.
లోపలి తలుపులు మూశాక కురిసిన రాళ్లవానలో
దిగే దారి దొరక్క
పైనే చిక్కుకుపోయిన పిసరు.
నీళ్లూ కొన్ని అలాగే వచ్చాయంటారు,
కాదు, మొదట్నుంచీ రాళ్లలోనే దాగున్నాయంటారు.
దీని మీద మా డిపార్టుమెంటులో
టీ చల్లారేదాకా వాదులాడుకుంటారు.

రానివీ ఉన్నాయి.
మా నాన్న జింకు ఫ్యాక్టరీలో చేసేవాడు.
వేడి తగిలితే జింకు ఎలా లేచిపోతుందో
రెండు చేతులూ పైకి విప్పి చూపించేవాడు.
భూమికి అందాల్సినంత జింకు అందలేదట.
ఆ మాట ఆయనకి చెబుదామనుకునేసరికి
ఫ్యాక్టరీ మూతపడింది, ఆయనా లేడు.

దుప్పటి మళ్లీ నానబెట్టాను.
బకెట్టు అడుక్కి ముందు ఎర్రది చేరింది, ఖనిజం.
బొగ్గు ఇంకా పైపైన తిరుగుతోంది.
అత్త వచ్చి తొంగి చూసింది.
"పారబొయ్యవేటే?"

"ఉండత్తా," అన్నాను,
"కాసేపు తేరనీ."