పొగాకు పడుకుంది

కొండపి హైస్కూలు, పదో తరగతి, మొదటి పీరియడ్.
బోర్డు మీద మూడు మాటలు రాశాను:
వేక్ అప్. గెట్ అప్. స్టే అప్.
మూడో బెంచీలో మాలకొండయ్య అప్పటికే
బల్లకు చెంప ఆనించి ఉన్నాడు.

మనకు ఒక్క లేవడమే రెండు పనులకూ సరిపోతుందని చెప్పాను.
"లేచావా?" అంటే కన్ను తెరిచావా అని,
మంచం దిగావా అని కూడా.
ఇంగ్లీషువాడు ఆ రెంటికీ మధ్య గట్టు వేశాడు.
కన్ను తెరుచుకుంటే వేక్ అప్,
కాలు నేల మోపితే గెట్ అప్.
గట్టు మీద దుప్పటి కప్పుకుని ఎంతసేపైనా ఉండొచ్చు.
ఆదివారాలు నేనూ ఉంటాను.

మనకు మెలకువ వస్తుంది,
చెప్పాపెట్టకుండా చుట్టం వచ్చినట్టు.
వాళ్ళకు అదీ సొంతంగా చేసుకోవలసిన పనే.

"లేపండ్రా వాణ్ణి."
వేక్ హిమ్ అప్. హిమ్ మధ్యలోనే ఉండాలి,
అటొక మాట, ఇటొక మాట,
అమ్మానాన్నల నడుమ పిల్లాడిలా.
చివరికి నెట్టారో, మార్కు పోయినట్టే.

వాడు లేచాడు. అంటే, కన్ను తెరిచాడు.
చొక్కా నిండా ఆకు జిగురు, పొగ వాసన.
"రాత్రి మా బ్యారన్ కాల్చాం సార్.
ఆకు పసుపు తిరిగే రాత్రి.
అద్దంలోంచి థర్మామీటరు చూస్తానే ఉండాల.
వేడి దిగితే మచ్చలు, ఎక్కితే నలుపు,
టంగుటూరు వేలంలో చెయ్యి కూడా పెట్టరు.
నాయన కన్ను మూస్తే నేను, నేను మూస్తే నాయన."
ఆవలించి అడిగాడు:
"ఇద్దరం ఒకేసారి మూస్తే
దానికేమన్నా మాటుందా సార్?"

ఉంది. ఓవర్‌స్లీప్.
ఆ పూట బోర్డు మీద రాయబుద్ధి కాలేదు.
కావాలని పొద్దెక్కేదాకా పడుకోవడం స్లీప్ ఇన్ అని చెప్పి
గంట కొట్టేదాకా దాని చుట్టూనే తిప్పాను.

సోమవారం స్లిప్ టెస్టు. సొంత వాక్యాలు రాయమన్నాను.
ముప్పై ఒక్కమంది ఐదింటికే లేచారు,
గైడులో ఉన్నది ఉన్నట్టు.
మాలకొండయ్య కాగితంలో మూడే ముక్కలు, వంకరగా:
మై ఫాదర్ స్టేస్ అప్.
ఐ స్టే అప్.
టొబాకో స్లీప్స్ ఇన్.

ఎర్ర పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను.
ఆకు పడుకుంటుందా?
వెచ్చటి గదిలో, కర్రలకు వేలాడుతూ,
ఇద్దరు మనుషులు గుమ్మంలో కాపలా ఉంటే
పడుకోక ఏం చేస్తుంది?
అర మార్కు వేశాను. కొట్టేశాను. మొత్తం వేశాను.

కాగితాలు పంచేటప్పుడు
వాడి పేరు రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.