ఖాళీగా వదిలితే కొత్తపని

తాళ్ళరేవులో మా గది కింద వలల కొట్టు,
ఎదురుగా పాయ ఒడ్డున పడవలు కట్టే ఇసక.
కరెంటు పోయేలోగా అయిపోవాలని
రాత్రంతా కూర్చుని ముగించాను
ఒక్క వరసలో పిలిస్తే పలికే చిన్న పనిముట్టు.

నల్ల తెర మీద అది అడుగుతుంది:
పేరు?
ఖాళీగా వదిలితే కొత్తపని.
టైప్‌స్క్రిప్టా, మామూలు జావాస్క్రిప్టా?
పరీక్షలు కావాలా?
ఎంటర్ నొక్కగానే
గంప ఎత్తితే కోడిపిల్లల్లా ఫోల్డర్లు,
లోపల ఏమీ లేని ఇండెక్స్ ఫైలు,
ఎవరూ చదవని రీడ్‌మీ,
వెనకాలే ఊరంత మూటతో ప్యాకేజీలు.
మా నెట్టుకి అవి దిగేసరికి
టీ తాగి రావచ్చు.
తాగడానికే దిగాను.

చెవి మీద సుద్దముక్కతో గంగాద్రి మేస్త్రి
యానాం నుంచి వచ్చిన బేరగాణ్ణి అడుగుతున్నాడు:
ఏటికా, సముద్రానికా?
ఎన్ని బారలు?
ఇంజనా, తెరచాపా?

తెరచాప ఎవరిక్కావాలయ్యా ఇప్పుడు, అని నవ్వాడతను.
"అడగడం మా అలవాటండి."

నాకెందుకో సిగ్గేసింది.
పాత బ్రౌజర్లలో కూడా నడవాలా అని
నా దాంట్లోనూ ఒక ప్రశ్న ఉండేది.
ఎవరూ అవుననరులే అని
తెల్లవారుజామున నేనే చెరిపేశాను.

ఇంతలో మేస్త్రి వంగి
నల్లతుమ్మ వంకుల మధ్య
జానెడు చోటు చూపించాడు.
ఇక్కడ చెక్క కొట్టనండి.
ఎంత గుగ్గిలం పోసినా నీళ్ళొస్తాయి,
రాని పడవ నేను కట్టలేదు.
తోడుకోడానికి గుంట
ముందే వదిలెయ్యాలి.

టీ సగంలో వదిలేసి మెట్లెక్కాను.
చెరిపిన ప్రశ్న తిరిగి పెట్టాను.
పుట్టే ప్రతి ఫోల్డరులోనూ
తప్పులు వచ్చి చేరే చోటు ఒకటి,
దానికి తోడు అని పేరు.
తోడమనో, తోడుండమనో,
పాలల్లో వేసే తోడో
చదివినవాళ్ళ ఇష్టం.

మళ్ళీ నడిపి చూద్దును కదా,
పేరు? దగ్గర
కరెంటు పోయింది.

కింద సుత్తి దెబ్బలు మాత్రం ఆగలేదు.
కిటికీలోంచి చూస్తే
బేరగాడు బండి స్టార్ట్ చేస్తున్నాడు.
పడవకి పేరేం పెడదామండీ, అంటే
మా ఆవిణ్ణి అడిగి చెప్తాను, అని వెళ్ళిపోయాడు.

మేస్త్రి కాసేపు ఆలోచించి
అడుగుదూలం మీద సుద్దతో
ప్రస్తుతానికి
అతని ఫోన్ నంబరు రాశాడు.