మొగ్గు

ఏప్రిల్ రెండో శనివారం పచ్చిక తెరిచారు.
తెరవడమంటే ఏముంది,
గేటు తాళానికి పట్టిన తుప్పు గోకి
ఇషబెల్ రెన్విక్ నాలుగు మాటలు చెప్పి
తొలి గుండు దొర్లించింది.
సగం దారిలోనే ఆగిపోయిందది.
కిర్క్‌బ్రే నేలలో చలికాలపు తడి ఇంకా ఆరలేదు.
చప్పట్లు కొట్టి, లోపలికెళ్ళి టీ తాగాం.

నేను లీడ్‌ని.
చాప పరిచేది నేనే,
తెల్లటి జాక్‌ను ముందుగా దొర్లించేదీ నేనే,
నా రెండు గుండ్లూ అయ్యాక
పిలవని పేరంటానికి వచ్చినట్టు
పక్కన నిలబడేదీ నేనే.

ఈ గుండు పూర్తిగా గుండ్రం కాదు.
ఒక పక్క కాస్త అరగదీసి పుట్టించారు దాన్ని.
ఊపు ఉన్నంతసేపు బుద్ధిగా తిన్నగా పోతుంది,
ఊపు చచ్చే వేళకు
మెడ వంచి తన మొగ్గు చూపిస్తుంది.
అందుకే జాక్‌ను చూసి వేయకూడదు,
జాక్ లేని చోటును చూసి వేయాలి.
ఈ మాట చెప్పడానికి మా స్కిప్ డూగల్‌కు ఒక నిమిషం పట్టింది,
నా మణికట్టుకు అర్థం కావడానికి పదకొండేళ్ళు.

మే నెలంతా వాన, ఓటమి, వాన.
స్కోరుబోర్డుకు అంకెలు తగిలించే ఎఫీకి
మా వైపు సున్నా ఒక్కటీ చాలునని ఎవరో జోకేశారు.
ఎఫీ నవ్వలేదు.
ఎనభై ఆరేళ్ళుగా ఈ గడ్డిని చూస్తున్న మనిషి.

జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుగు పోదు.
బేకరీ వ్యాను నడిపే ఫెర్గస్ టెయిట్
పిండి అంటిన ప్యాంటుతోనే వచ్చేవాడు.
గోటితో పోయేదానికి గొడ్డలెత్తే కుర్రాడు.
ఒకసారి మావే మూడు గుండ్లు చెల్లాచెదురు చేసి
'తప్పుకోమన్నానుగా' అన్నాడు వాటితో.
అదే సాయంత్రం అతని ఆఖరి గుండు
నిద్రపోయే బిడ్డను తాకినట్టు జాక్‌ను తాకింది.
ఇషబెల్ వంగి సుద్దముక్కతో గుర్తు గీసింది.
సుద్ద గుర్తున్న గుండు
గోతిలోకి దొర్లినా ఆటలో ఉన్నట్టే లెక్క.
ఆ నెల మూడు గెలిచాం.

జూలైలో డూగల్ మోకాలు మొరాయించింది.
వంగలేక, గుండును పట్టి వదిలే పొడుగు కర్ర తెచ్చుకున్నాడు.
మొదటిరోజు ఎవరూ ఆ కర్రవైపు చూడలేదు.
అంత మర్యాదగా చూడకపోవడం చూసి
అందర్నీ కలిపి తిట్టాడు.

ఆగస్టు చివరి శనివారం, డన్‌లారిగ్‌తో.
ఓడినవాళ్ళు కింది డివిజన్‌కి.
ఇరవయ్యో ఎండ్ దాకా సరిసమానం.
మిగిలింది ఒక్కటి.
డూగల్ ఆఖరి గుండు వదిలి
చాప మీదే ఉండిపోయాడు, ముప్పై గజాల అవతల.
జాక్‌కు ఇటు మాది, అటు వాళ్ళది.
కొలవడం మూడో ఆటగాళ్ళ పని.
వాళ్ళ నెయిర్న్ టేపు సాగదీసి
ఇటొకసారి, అటొకసారి చూసి
'మీదే' అని లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.
ఫెర్గస్ టోపీ ఎగరేశాడు.

టేపు కింద ఒక గడ్డిపరక ఇరుక్కుని ఉంది.
నేను చూశాను.
నేనే ముందు చూశాను.

'మళ్ళీ కొలుద్దాం' అంది ఇషబెల్.
పరకను తీసి పక్కన పెట్టింది,
ఎవరిదో వస్తువైనట్టు, జాగ్రత్తగా.
వెంట్రుకవాసి.
అవతలినుంచి డూగల్ కేక: 'ఎవరిది?'
ఆమె నోరు విప్పలేదు,
నెయిర్న్ భుజం మీద చెయ్యి వేసి చూపించింది.

వచ్చినవాళ్ళకు గుడ్డు శాండ్‌విచ్‌లు మేమే పెట్టాలి, ఆతిథ్యం మాది కదా.
ఫెర్గస్ పళ్ళేలు మోశాడు, ఎవరితోనూ మాట్లాడలేదు.
నేను రొట్టె అంచులు కోస్తూ
కోయాల్సినదానికన్నా ఎక్కువే కోశాను.

సెప్టెంబర్‌లో పచ్చికంతా చిల్లులు పొడిచి ఇసుక చల్లారు.
మీటింగ్‌లో వచ్చే ఏటి జాబితా చదివారు:
మొదటి ఆట ఏదో దీవిలోనట,
పొద్దున్నే ఆరింటికి పడవ.
'గుండ్లకు కూడా టికెట్టుంటుందా?' అన్నాడు ఫెర్గస్,
మూడు వారాల్లో మాతో అతని మొదటి మాట.
డూగల్ నవ్వబోయి దగ్గాడు.
ఇషబెల్ నావైపు చూసింది,
లేదా నా వెనకున్న గడియారం వైపు.
కోటు జేబులో నా వేళ్ళకు
సుద్ద తగిలింది.