పదకొండు సెకన్ల చీకటి

టైటిల్స్‌లో నా పేరు అట్టడుగున ఉంటుంది,
కుక్కల పేర్లకి ఒక్క వరస పైన:
డ్రైవరు, బ్యాటరీలు, టీ.
ఆ వరస పెట్టింది టెనీల్. పదిహేడేళ్ళ పిల్ల.

మైకుకి తొడిగిన బొచ్చు తొడుగుని చూసి
మొదటిరోజు ఊళ్ళో కుక్కలన్నీ మొరిగాయి.
రెండోరోజు ఒకటి దాన్ని కరుచుకుని పారిపోయింది.
ఆ పరుగంతా షడ్రాక్ తీశాడు.
అదే మా తొలి సినిమా, నలభై సెకన్లు,
పెద్దవాళ్ళు తొమ్మిదిసార్లు వేయించుకున్నారు.

ముప్పయ్యేళ్ళ కిందట కూడా ఇదే దారిలో
సినిమావాళ్ళకి బండి తోలాను.
నేను మోసిన రీళ్ళు నగరానికి పోయాయి,
ఒక్కటీ తిరిగి రాలేదు.
ఈ సంగతి పిల్లలకి ఇంకా చెప్పలేదు.

ఆలిస్ స్ప్రింగ్స్ దాటి ఏడు గంటల ఎర్రమట్టి.
టెనీల్ అమ్మమ్మ ముందుసీట్లో కూర్చుని
పెదవులు ముందుకు చాచి మలుపులు చూపించింది.
మ్యాపులో అక్కడంతా తెల్లకాగితం,
ఆమె నోట్లో ప్రతి గుట్టకీ ఇంటిపేరుంది.

ఎండిన ఏటి వంపులో చెలమ.
చేత్తోనే తోడింది. మోచేతి లోతున తడి,
భుజం లోతున నీళ్ళు.
పుక్కిట పట్టి మళ్ళీ అందులోకే ఊసింది.
"వచ్చింది నేనేనని చెప్పుకోవాలిగా" అంది.
తర్వాత పిల్లల తలలు తడిపింది, ఆఖర్న నా బట్టతల.
అప్పుడు పెట్టుకోమంది కెమెరా.

ఇసుక చదును చేసి వేలితో గీసింది.
సున్నా చుడితే నీళ్ళు,
వంపు తిప్పితే కూర్చున్న ఆడమనిషి.
ఒక్కో సంగతి అయ్యాక అరచేత్తో తుడిచేసింది.
"చెరపకు అమ్మమ్మా, ఫోకస్ దొరకలేదు!"
"చెరపకపోతే తర్వాతది ఎక్కడ గియ్యనురా?"

ఉన్నట్టుండి వేలు ఆగింది.
"ఇక్కణ్ణుంచి ఆడవాళ్ళది."
ఎవరూ చెప్పకుండానే షడ్రాక్ లేచాడు.
ఇద్దరం బండి చాటుకి పోయి
బాగున్న టైరునే విప్పి మళ్ళీ బిగించాం.
టెనీల్ కెమెరా కన్నుకి మూత పెట్టి అక్కడే కూర్చుంది.

సినిమాలో ఆ చోట తెర నల్లగా ఉంటుంది.
బొమ్మ లేదు, చప్పుడు లేదు.
డబ్బులిచ్చే ఆఫీసు నుంచి వచ్చినాయన
"ఇక్కడేదో లోపం" అన్నాడు.
"లోపం కాదు, తలుపు."
"సరే, పదకొండు సెకన్లే ఎందుకు?"
"షడ్రాక్ లేచి బండిదాకా నడవడానికి అంతే పట్టింది."

జులైలో ఆమె పోయింది.
ఆమె పేరు మా నోళ్ళలోంచి తీసేశాం.
దుకాణంలో అదే పేరున్న పిల్లని
అందరం కుమంజాయి అని పిలవసాగాం.
ఆమె గొంతున్న హార్డ్‌డిస్కుని
పిండిడబ్బాలో పెట్టి చెల్లెళ్ళు తీసుకుపోయారు.
గడువు దాటిందంటూ ఆఫీసు నుంచి మూడు ఉత్తరాలు.
వాటితో టీ కాచాను.

రెండు చలికాలాలు పోయాయి.
ఒక పొద్దున చెల్లెళ్ళు డబ్బా పట్టుకుని వచ్చారు.
"ఇక చూపించొచ్చు."

బాస్కెట్‌బాల్ కోర్టులో రెండు దుప్పట్లు కలిపి కుట్టిన తెర.
ముందు ఆమె చెయ్యి వచ్చింది, ఇసుక చదును చేస్తూ.
పెద్దావిడ ఒకామె కొంగవాలు గొంతుతో ఏడుపందుకుంది,
మిగతావాళ్ళు అందుకున్నారు, షడ్రాక్ సౌండు పెంచలేదు.
ఓ కుక్క తెర ముందునుంచి పోయింది,
ఆమె మణికట్టు మీదుగా దాని చెవుల నీడ.

చీకటి వచ్చింది.
షడ్రాక్ లేచాడు. వెనకాలే ముగ్గురు ముసలివాళ్ళు,
వాళ్ళ వెనక మగపిల్లలు, వాళ్ళ వెనక నేను.
బండిదాకా పోయి తిరిగి చూశాను.
ముందువరసలో టెనీల్ వంగి
ఓ చంటిదాని చెవిలో ఏదో చెబుతోంది.

మైకు నా చేతిలోనే ఉంది,
ఆపేసి.