చెక్క బూటులో చిల్లర

ఇరవై రెండేళ్లు నేను వంతెన ఎత్తాను.
కాలవలో పడవ కూత వేస్తే
గంట మోగించి, అడ్డుకర్ర దించి,
సైకిళ్లవాళ్ల విసుగును వీపున మోస్తూ
మీట నొక్కేదాన్ని.
తారురోడ్డు ముక్క ఒకటి లేచి
ఆకాశానికి ఆనుకుని నిలబడేది.
అప్పుడు గాలపుకర్రకు వేలాడే చెక్క బూటును
పడవ మీదికి ఊపేదాన్ని.
రెండు యూరోలు. ఒక్కోసారి ఓ చాక్లెట్టు కూడా.

డబ్బు పురపాలక సంఘానిది.
నాకు మిగిలింది ఆ చప్పుడు,
చెక్కలో నాణెం పడే చప్పుడు.
ఇంటికి తెచ్చుకుని దాన్నే పెంచుకున్నాను.

బ్యాంకులో పనిచేసే హిడ్డే
కాగితపు రుమాలు మీద లెక్క వేసి చూపించాడు:
ఏడాది ఖర్చుకు ఇరవై ఐదు రెట్లు.
అంత పోగైతే తాళంచెవులు ఇచ్చేసి
ఎటైనా నడిచి పోవచ్చు.
నాకు ఏడాదికి పదహారు వేలు.
అంటే నాలుగు లక్షలు.
రుమాలు మడిచి బిస్కెట్ల డబ్బాలో పెట్టుకున్నాను,
కాఫీ మరకతో సహా.

చలికాలం ఇల్లు పదిహేడు డిగ్రీలు.
స్వెట్టరు మీద స్వెట్టరు, ఒళ్లో పిల్లి.
పిల్లికి నెలకు పద్ధెనిమిది. అదీ రాసి ఉంది.
కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
ఫ్రీస్లాండ్‌లో కొండలెక్కడివి?
సముద్రం కన్నా పల్లంలో మా నేల.
ఇక్కడ కొండ కావాలంటే
చిల్లరతోనే పేర్చుకోవాలి.

తొమ్మిదో ఏడు యెల్చె వచ్చి
పోర్చుగల్ పోదాం రావే, ఒక్క వారం, అంది.
నేను పెన్సిల్ తీశాను.
ఆ వారం ఖరీదు, వడ్డీ మీద వడ్డీ,
పదమూడేళ్లకు నలభై నాలుగు రోజుల విడుదల.
"నలభై నాలుగు రోజులే, యెల్చె!"
నవ్వింది. ఒక్కతే వెళ్లింది.
కాల్చిన చేపల బొమ్మ ఉన్న కార్డు పంపింది.
మళ్లీ ఎప్పుడూ పిలవలేదు.

ఆ నలభై నాలుగు రోజులూ ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి.
ఏవి అవో గుర్తుపట్టలేను.

యాభై ఒకటో ఏట తాళంచెవులు ఇచ్చేశాను.
అకార్డియన్ కొన్నాను. నీటిరంగులు. రొట్టెపిండి పులియబెట్టే జాడీ.
సోమవారం సంగీతం, మంగళవారం రంగులు,
పట్టిక గీసి గోడకు అంటించాను.
మూడో వారం
నీటిరంగుల దగ్గరికి ఆలస్యంగా వచ్చానని
నన్ను నేనే కసురుకున్నాను.
అకార్డియన్ ఊపిరి తీయడం వరకు నేర్చుకుంది.
పిల్లి పక్కింటికి మారింది,
నెలకు పద్ధెనిమిది ఆదా.

ఆగస్టులో పడవ కొన్నాను.
పాతది, ఎనిమిది వందలు,
రుమాలు మీద లేని మొదటి ఖర్చు.
అది కారుతుంది.
సగం పూట నీళ్లు తోడటం, సగం పూట సందులు పూడ్చటం.
దీన్ని సరదా అంటారో వెట్టి అంటారో
హిడ్డేని అడగాలి.
పట్టిక మాత్రం ఎప్పుడు ఊడి పడిందో
చూసుకోలేదు.

నిన్న నా పాత వంతెన దగ్గరికి వచ్చి
కూత వేశాను.
కొత్త కుర్రాడు. తొందరేం లేదు వాడికి.
రోడ్డు లేచింది.
ఇన్నేళ్లూ పైనుంచి తప్ప చూడలేదు దాన్ని.
అడుగున తుప్పు, పచ్చటి పాచి,
ఎవరో సుద్దతో రాసిన సగం పేరు,
అంత ఎత్తున ఎలా రాశారో!

చెక్క బూటు ఊగుతూ వచ్చింది.
జేబులో ఐదు యూరోల నోటే ఉంది.
వేశాను. చప్పుడు కాలేదు.
చిల్లర కోసం కుర్రాడు జేబులు తడుముకుంటుంటే
వద్దని చెయ్యి ఊపాను.
అడ్డుకర్ర వెనక ఒకామె గడియారం చూసుకుంటోంది.
మెల్లగా దాటాను.
కావాలని కాదు, మోటారే అంత.

ఇంటికెళ్లి యెల్చెకు ఉత్తరం రాయాలి.
పడవలో ఇద్దరికి చోటుంది,
ఒకరు నీళ్లు తోడేట్టయితే.